మోటుపల్లి: ఒక రేవు పట్నం, ఒక సుంకాల శాసనం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు, పెన్షన్ గురించి, కరువు భత్యం బకాయిల గురించి వ్రాసే మిత్రులు ఎలాగూ ఉన్నారు గనుక, నేను ఒక ఊరి చరిత్ర వ్రాస్తానన్నాను. "చరిత్ర ఎవరు చదువుతారండీ?" అన్నారాయన. "ఇది సుంకాల చరిత్ర. ముప్పై అయిదేళ్ళు పన్నుల కాగితాలు మోసినవాడు వ్రాస్తున్నాడు. మనవాళ్ళు చదువుతారు" అని ధైర్యంగా చెప్పాను. మాట నిలబెట్టుకోవలసిన బాధ్యత ఇప్పుడు నా మీద పడింది.

నేను 1973లో గుమాస్తాగా చేరి, 2008లో సూపరింటెండెంటుగా ఉద్యోగ విరమణ చేశాను. ప్రస్తుతం హైదరాబాదు ప్రగతి నగర్‌లో మా పెద్దబ్బాయి దగ్గర ఉంటున్నాను. పొద్దున్నే చెరువు గట్టు మీద నడక, తరువాత పేపరు, మధ్యాహ్నం పుస్తకం. మా అమ్మగారి పుట్టిల్లు వేటపాలెం. అక్కడ 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం మన పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. రిటైరైన తరువాత ఏడాది మేనమామగారి ఇంట్లో కొంతకాలం ఉండి, రోజూ ఆ గ్రంథాలయానికి వెళ్ళేవాణ్ణి. అక్కడే మొదటిసారి మోటుపల్లి శాసనం వివరాలు చదివాను. చదివిన మూడోరోజే ఆ ఊరు చూడాలని బయలుదేరాను.

ఈనాటి ఊరు

మోటుపల్లి చినగంజాం మండలంలో, సముద్రానికి దగ్గరలో ఉన్న పల్లెటూరు. రైలు మీద వచ్చేవారు చీరాల, ఒంగోలు మధ్య చినగంజాం స్టేషనులో దిగాలి. ఆ దారిలో ఉప్పు కొఠార్లు, తెల్లగా మెరిసే ఉప్పు మళ్ళు కనిపిస్తాయి. తరువాత ఇసుక నేలలు, తాటిచెట్లు, సరుగుడు తోటలు.

ఊరి పేరు మారలేదు గానీ, ఆ ఊరి కాగితాల మీద జిల్లా పేరు మాత్రం మారుతూ వచ్చింది. 1904కు ముందు కృష్ణా జిల్లా, తరువాత గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. రికార్డు రూములో పనిచేసినవారికి ఈ సంగతి ఎంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. పాత శాసనం కోసం ఏ జిల్లా సంపుటంలో వెతకాలన్నది దీని మీదనే ఆధారపడి ఉంటుంది.

నేను ఆటో దిగి, "పాత గుడి ఎక్కడ?" అని అడిగితే, మేకలు తోలుకుపోతున్న ఒక ముసలాయన, "ఏ గుడి బాబూ? రాముడి గుడా, వీరభద్రుడి గుడా?" అన్నాడు. వీరభద్రుడి గుడి అన్నాను. "రాళ్ళ మీద రాతలు చూడటానికి వచ్చారా? అప్పుడప్పుడు వస్తుంటారు మీలాంటోళ్ళు" అని దారి చూపించాడు. ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే నడిచి వెళ్ళాను.

గుడి చిన్నది. రాతి స్తంభాల మండపం, నల్లబడిన గోడలు, చుట్టూ గడ్డి. పొలాల గట్ల మీద కుండపెంకులు ఏరుకోవచ్చు. ఒకప్పుడు ఇక్కడ దేశదేశాల వర్తకులు బేరాలాడేవారంటే, శాసనాలు లేకపోతే ఎవరూ నమ్మరు. కోటలు లేవు, బురుజులు లేవు. గిడ్డంగులు ఎక్కడ ఉండేవో, సుంకం వసూలు చేసే చావడి ఎక్కడ ఉండేదో చూపించే ఆనవాలు నా కంటికి కనిపించలేదు. మిగిలినవి గుళ్ళు, రాతి మీది అక్షరాలు, ఊరి పేరు.

రెండు పేర్ల పట్నం

శాసనాల్లో ఈ ఊరికి మోటుపల్లి అన్న పేరుతోపాటు "దేశి ఉయ్యకొండ పట్టణం" అన్న పేరు కూడా ఉంది. ఆ పేరులో తమిళ వాసన ఉంది. చాళుక్య చోళుల కాలంలో వేంగి దేశానికీ, దక్షిణాన తమిళ దేశానికీ ఉన్న సంబంధం తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. సంస్కృత రచనల్లో ఇదే ఊరు ముకుళపురం. ఒక ఊరికి ఇన్ని పేర్లున్నాయంటే, ఇన్ని భాషలవారు అక్కడికి వచ్చిపోయారన్నమాట.

పన్నెండో శతాబ్దంలో ఈ తీరం వెలనాటి చోడుల చేతిలో ఉండేది. కాకతీయ గణపతిదేవుడు 1199లో రాజ్యానికి వచ్చాడు. ఆ తరువాత రెండేళ్ళకే బెజవాడ మీదుగా తీరం వైపు కదిలాడు. దివిసీమ నేలిన అయ్య వంశీయులను జయించి, వారి ఆడపడుచులు నారమాంబ, పేరమాంబలను పెళ్ళాడాడు. వారి సోదరుడు జాయపను తన కొలువులో చేర్చుకుని సేనానిని చేశాడు. నృత్త రత్నావళి వ్రాసిన జాయప సేనాని ఆయనే. ఓరుగల్లు సముద్రానికి ఎంతో దూరం. మెట్ట ప్రాంతపు రాజ్యానికి ఏనుగులు, గుర్రాలు, కర్పూరం, పట్టు కావాలంటే ఒక రేవు కావాలి. ఆ రేవు మోటుపల్లి.

గణపతిదేవుని అభయ శాసనం

శక సంవత్సరం 1166, అంటే క్రీస్తు శకం 1244-45లో గణపతిదేవుడు వేయించిన శాసనం వీరభద్రుని గుడి మండపంలో స్తంభం మీద ఉంది. దీన్ని హుల్ష్ అనే జర్మన్ పండితుడు చదివి, గత శతాబ్దం రెండో దశాబ్దంలో ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించాడు. మొదట సంస్కృతంలో రాజుగారి వంశవర్ణన పెద్దదిగా ఉంటుంది. మనువు, ఇక్ష్వాకుడు, రఘువు, రాముడు అందరూ వస్తారు. మన జీవోల్లో మొదటి పేజీలో వచ్చే "రెఫరెన్సులు" లాంటివి ఇవి అని నాకనిపించింది. అసలు విషయం తరువాత ఉంటుంది.

అసలు విషయం ఇది. ద్వీపాల మీదికి, దేశాంతరాలకు, ఇతర పట్నాలకు వచ్చిపోయే ఓడ వర్తకులకు గణపతిదేవుడు అభయం ఇస్తున్నాడు. పూర్వపు రాజులు తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా తీసుకునేవారు. సముద్రం మీద ప్రయాణం చేసేవారు ప్రాణం కన్న ధనమే ఎక్కువ అనుకుని అంత సాహసం చేస్తారు. అటువంటివారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా మేము వదిలిపెట్టాము, అని తాత్పర్యం.

ఇంతటితో ఆపి ఉంటే ఇది ఒక ప్రకటన మాత్రమే. ఆ క్రిందనే రేటు వేశారు. ఎగుమతి అయినా, దిగుమతి అయినా ముప్పై వంతులకు ఒక వంతు. మన లెక్కలో నూటికి మూడు రూపాయల ముప్పై మూడు పైసలు. ఆ తరువాత తెలుగులో సరుకుల పట్టీ ఉంది. మంచి గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, తగరం, సీసం, పట్టునూలు, పగడాలు, సుగంధ ద్రవ్యాలు, మిరియాలు, పట్టుబట్టలు, పోకచెక్కలు. ఒక్కొక్క సరుకుకు ఒక్కొక్క కొలత. గంధానికి తూకం లెక్క, పోకలకు లక్ష లెక్క.

మిత్రులారా, ఇది చదివినప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. రేటు, సరుకుల పట్టీ, ఏది వసూలు చెయ్యాలో, ఏది చెయ్యకూడదో అన్నీ ఒకచోట, సంస్కృతం రాని వర్తకుడికి కూడా తెలిసేలా తెలుగులో, అందరికీ కనిపించేలా రాతి మీద! 1957 నాటి అమ్మకం పన్ను చట్టం దగ్గర్నుంచి 2005 వ్యాట్ వరకు నేను పనిచేసిన కాలంలో, రేటు ఎంతో అడగటానికి వచ్చిన చిల్లర వర్తకులు మా బల్లల చుట్టూ ఎంతెంతసేపు నిలబడేవారో నాకు తెలుసు.

ఇదంతా కేవలం దయ అని నేను అనను. ఓడలు రాకపోతే సుంకం లేదు, సుంకం లేకపోతే గుర్రాలు కొనటానికి డబ్బు లేదు. దోచుకునే రేవుకు రెండోసారి ఎవరూ రారు. గణపతిదేవుడు అరవై ఏళ్ళకు పైగా రాజ్యం చేసిన తెలివైన పాలకుడు. అయినా, తనకు లాభమైన పని చేసేటప్పుడు కూడా ఎదుటివాడి కష్టం ఏమిటో మాటల్లో చెప్పి మరీ చేశాడు. సముద్రం మీదికి వెళ్ళేవాడి గుండె ఎలా ఉంటుందో ఆ వాక్యంలో ఉంది.

మార్కో పోలో చెప్పింది

చీనా దేశం నుంచి తిరిగి వెళ్తూ 1290 తరువాతి సంవత్సరాల్లో ఈ సముద్రం మీదుగా సాగిన వెనిస్ వర్తకుడు మార్కో పోలో తన గ్రంథంలో "ముత్ఫిలి" అనే రాజ్యం గురించి వ్రాశాడు. అది మోటుపల్లి పేరేనని పండితులు నిర్ణయించారు. రేవు పేరునే రాజ్యం పేరుగా భావించాడు. పరదేశి వర్తకుడికి రేవే దేశం గదా!

ఆ రాజ్యాన్ని భర్త పోయిన ఒక రాణి నలభై ఏళ్ళుగా న్యాయంగా పాలిస్తోందన్నాడు. ఆ రాణి రుద్రమదేవి అని అందరూ అంటారు. ఇక్కడ కొంత సవరణ అవసరం. రుద్రమదేవి గణపతిదేవుని కూతురు, భార్య కాదు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వీరభద్రుడు. పైగా నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనాన్ని బట్టి ఆమె 1289లో మరణించింది. కనుక పోలో విన్నది అంతకు కొంచెం ముందు నాటి కబురు. రేవుల్లో కబుర్లు అలాగే ఉంటాయి, కొంత నిజం, కొంత పాతది.

వజ్రాల గురించి, పాములున్న లోయలో మాంసం ముక్కలు విసిరితే గద్దలు వజ్రాలతో సహా ఎత్తుకువచ్చే కథ గురించి అతను వ్రాసినది అందరికీ తెలిసిందే. నాకు ముఖ్యమనిపించింది బట్టల మాట. ఇక్కడి సన్నని నేత సాలెగూడులా ఉంటుందనీ, ఏ రాజుగానీ రాణిగానీ కట్టుకోవటానికి సంతోషిస్తారనీ మెచ్చుకున్నాడు. మోటుపల్లికి దగ్గరలోనే చీరాల, వేటపాలెం. మా మేనమామగారి వీధిలో ఇప్పటికీ మగ్గం చప్పుడు వినిపిస్తుంది. రేవు పోయినా నేత మిగిలింది.

రెడ్డిరాజుల కాలం

1323లో ఓరుగల్లు పతనమైంది. తీరంలో ఉన్న అరాచకాన్ని సర్ది, అద్దంకిలో రెడ్డిరాజ్యం స్థాపించినవాడు ప్రోలయ వేమారెడ్డి. అతని తమ్ముడు మల్లారెడ్డి మోటుపల్లి రేవును తిరిగి స్వాధీనం చేసుకున్నాడు. వేమారెడ్డి కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. శక సంవత్సరం 1280, అంటే 1358లో అతనూ మోటుపల్లిలో శాసనం వేయించాడు. గణపతిదేవుడు రెండు భాషల్లో వేయిస్తే, ఇది మూడు భాషల్లో ఉంది. సంస్కృతం, తెలుగు, తమిళం. దక్షిణాది వర్తకులు కూడా చదువుకోవాలి గనుక.

ఇక్కడ వచ్చి స్థిరపడదలచిన వర్తకులకు భూములిస్తామన్నాడు. వచ్చినవారు వెళ్ళదలచుకుంటే అడ్డుపెట్టమన్నాడు. కొడుకులు లేకుండా చనిపోయినవారి ఆస్తిని ప్రభుత్వం తీసుకునే పద్ధతి తీసివేశాడు. సుంకాలు తగ్గించాడు. 1998లో మా ఇంటికి కొద్ది దూరంలో సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు, స్థలాలు, రాయితీలు ఇచ్చి కంపెనీలను పిలవటం కొత్త విధానమని పత్రికలు వ్రాశాయి. 640 ఏళ్ళ క్రిందట ఇసుకలో నిలబెట్టిన రాతి మీద ఇంచుమించు అవే మాటలు ఉన్నాయని అప్పుడు నాకూ తెలియదు.

అనవోతుని కొడుకు కుమారగిరిరెడ్డికి కర్పూర వసంతరాయలని బిరుదు. ఏటా జరిపే వసంతోత్సవానికి కర్పూరం, గంధం, కస్తూరి కావాలి. వాటిని తెప్పించి ఇచ్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు తన హరవిలాసాన్ని అంకితమిచ్చింది ఈ సెట్టిగారికే. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టుబట్టలు తెప్పించేవాడని ఆ కావ్యం పీఠికలో ఉంది. ఒక మహాకవి ఓడ వర్తకుడికి కావ్యం అంకితం ఇచ్చాడంటే, సముద్ర వ్యాపారానికి ఆనాడు ఎంత గౌరవం ఉండేదో ఊహించండి.

ఊరు ఎందుకు తగ్గింది?

ఒక్కరోజులో ఏదో ఉపద్రవం వచ్చి మోటుపల్లి పోలేదు. పదిహేనో శతాబ్దం మొదటి భాగంలో కొండవీటి రెడ్డిరాజ్యం ముగిసింది. తరువాత గజపతులు, 1515లో కృష్ణదేవరాయలు, ఆ శతాబ్దం చివరికి గోల్కొండ సుల్తానులు కొండవీటిని తీసుకున్నారు. గోల్కొండవారికి దగ్గరి రేవు మచిలీపట్నం. రాజధాని నుంచి బాట అటు పడింది. బాట ఎటు పడితే వర్తకం అటు పోతుంది. 1611లో ఇంగ్లీషు కంపెనీవారి "గ్లోబ్" ఓడ ఈ తీరానికి వచ్చినప్పుడు వారు దుకాణం పెట్టింది మచిలీపట్నంలో. డచ్చివారు అంతకుముందే అక్కడికి చేరారు.

ఈ తీరమంతా ఇసుక. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకుంటే, పడవల మీద సరుకు ఒడ్డుకు చేర్చాలి. అటువంటి రేవుకు సహజమైన బలం ఏమీ లేదు. రాజు ఇచ్చే భరోసా ఒక్కటే దాని బలం. ఆ భరోసా ఇచ్చేవారు లేకపోయేసరికి వర్తకులు వెళ్ళిపోయారు. రైతులు, బెస్తలు, గొల్లలు మిగిలారు. పట్నం పల్లె అయింది. పేరులో "పల్లి" ముందునుంచీ ఉంది గనుక, పేరు మార్చుకోవలసిన అవసరం కూడా రాలేదు.

నేను వ్రాసిన ఒక నోటు

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

1990 మే 9న కృష్ణా తీరంలో పెద్ద తుఫాను వచ్చింది. అప్పుడు నేను కోస్తాలో ఒక ఊళ్ళో, ఒక పన్నుల ఆఫీసులో పనిచేస్తున్నాను. తుఫాను తగ్గిన నాలుగో రోజున, బిల్లులు లేని కిరాణా సరుకుతో ఒక లారీని పట్టుకున్నారు. సరుకు ఒక చిన్న వర్తకుడిది. లారీ నీటిలో చిక్కుకుని, బిల్లులున్న సంచీ తడిసి ముద్దయిపోయింది. అక్షరాలు కనిపించని కాగితపు ముద్ద ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పన్నుతోపాటు పెనాల్టీ కట్టితేనే సరుకు వదులుతామన్నారు. ఆయన మూడు రోజులు మా వరండా బెంచీ మీద కూర్చున్నాడు. లారీలో పెసలు మొలకెత్తిన వాసన ఆఫీసు గదిలోకి వచ్చేది.

ఫైలు నా సీటుది. "తుఫాను కారణంగా మినహాయింపు ఇచ్చుటకు నిబంధనలలో వీలు లేదు" అని నోటు పెట్టాను. పై అధికారి సంతకం చేశారు. అధికారి తన విచక్షణతో పెనాల్టీ తగ్గించవచ్చునన్న మాట, అదే పుస్తకంలో రెండు పేజీల తరువాత ఉంది. నాకు తెలుసు. వ్రాయలేదు. వ్రాస్తే, ఈ గుమాస్తాకు ఆ వర్తకుడి మీద ఇంత శ్రద్ధ ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని భయం. మన సర్వీసులో ఈ భయం ఎరుగనివారు తక్కువ.

ఆయన డబ్బు కట్టి, రసీదు తీసుకుని, "గుమాస్తాగారూ, గాలివాన వదిలేసినది మీరు తీసుకున్నారండీ" అని మెల్లగా అని వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది ఆయన వ్యాపారం మానుకున్నానని రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు పంపాడు. ఆ కాగితం కూడా నా సీటుకే వచ్చింది. దాన్ని మాత్రం ఆలస్యం చేయకుండా పంపించాను.

వేటపాలెంలో ఆ శాసనం తాత్పర్యం చదివినప్పుడు, తుఫానుకు చిక్కిన సరుకు తీసుకోవటం అన్న మాట దగ్గర ఆగిపోయాను. పూర్వపు రాజులు అని ఉన్నచోట నా పేరు చదువుకున్నాను. ఆ కాలంలో కూడా ఎవరో ఒక లేఖకుడు ఆ శాసనం చిత్తు వ్రాసి ఉంటాడు. అతను ఏమి వదిలిపెట్టాలో వ్రాశాడు. నేను ఏమి వదలకూడదో వ్రాశాను. ఇద్దరమూ గుమాస్తాలమే.

చివరి మాట

మోటుపల్లి గుడి మండపంలో ఆ స్తంభం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అక్షరాలు నాకు చదవటం రాదు. చేత్తో తడిమితే కొన్ని గుంటలు తగిలాయి. దారి చూపిన ముసలాయన నా వెనకే వచ్చి, "ఏముంది బాబూ అందులో? లంకెబిందెలున్నాయంటారు" అని అడిగాడు. "లంకెబిందెలు లేవు తాతా. పడవ మునిగినవాడి సొమ్ము ముట్టుకోవద్దని రాజు వ్రాయించాడు" అన్నాను. ఆయన కొంచెంసేపు ఆలోచించి, "మంచి మాటే" అన్నాడు.

మన సంఘం ఏటా ఏదో ఒక పుణ్యక్షేత్రానికి బస్సు వేస్తోంది. ఒకసారి మోటుపల్లికి కూడా వేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. దారిలో వేటపాలెం గ్రంథాలయం, చీరాల మగ్గాలు చూడవచ్చు. మోకాళ్ళ నొప్పులున్నవారు ఇసుకలో నడవటానికి చేతికర్ర తెచ్చుకోవాలి. ఆ స్తంభం మీద ఉన్నది మనం జీవితమంతా చేసిన పనే. దాన్ని మనకన్న బాగా చేసినవారు ఒకప్పుడు అక్కడ ఉండేవారు.